మొదటి ఫ్లై ఫిషింగ్ యాత్ర: తీర్థన్, కశ్మీర్, ఉత్తరాఖండ్‌లలో మీకు ఏది సరిపోతుంది?

హిమాచల్‌లోని తీర్థన్ ఏటిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడిన తొలి రెండు గంటల్లో నా గాలానికి చిక్కినవి ఇవి: ఒడ్డున ఉన్న చెట్టు కొమ్మ రెండుసార్లు, నా టోపీ ఒకసారి, గైడు చొక్కా భుజం ఒకసారి. చేప జాడ లేదు. ఆ కుర్రవాడు విసుక్కోలేదు. భుజంలోంచి కొక్కెం ఊడదీసుకుని, నా మణికట్టును రెండు వేళ్లతో పట్టి, చెయ్యి చెవి దాటి వెనక్కు పోకుండా నిలిపాడు. "ఇక్కడ ఆగండి. దారం వెనక్కు పూర్తిగా సాగాలి. అప్పుడు ముందుకు." ఆ కాస్త ఆగడం నేర్చుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. మధ్యాహ్నం దాటాక ట్రౌట్ అనే చన్నీటి చేప, జానెడుది, ఒకటి తగిలింది. దాన్ని చేతిలోకి తీసుకునేలోపే జారిపోయింది.

ఏలూరు కాలువ గట్టున వెదురు కర్రకు దారం కట్టి, వానపామును గుచ్చి, బెండు మునిగేదాకా కళ్లప్పగించి కూర్చున్న బాల్యం నాది. చేపలు పట్టడం వచ్చుననే ధీమాతోనే హిమాలయాలకు వెళ్లాను. అక్కడ ఆ ధీమా ఒక్క ఉదయం కూడా నిలవలేదు. తర్వాత కశ్మీర్ చూశాను, ఉత్తరాఖండ్‌లో మహాశీర్ అనే పెద్ద నది చేప కోసం నాలుగు రోజులు ఒట్టి చేతులతో తిరిగాను, మధ్యలో ఒకచోట డబ్బు కూడా వదిలించుకున్నాను. స్నేహితులు ఎవరైనా "మొదటిసారి వెళ్తే ఎక్కడికి?" అని అడిగితే ఇప్పుడు నా జవాబు వెంటనే వస్తుంది: నది పేరు చూడకండి, మీరు వెళ్లే వారంలో ఆ నదిలో నీరు ఎలా ఉంటుందో, మీ పక్కన ఎవరు నిలబడతారో చూడండి. మిగతాదంతా దాని తర్వాతే.

## ఇది మన గాలం కాదు

మామూలు గాలంలో చివర కట్టిన సీసపు గుండో, ఎర బరువో దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో చివర ఉండేది బొమ్మ ఈగ. కోడి మెడ ఈక, కుందేలు బొచ్చు, పట్టు దారం కలిపి చిన్న కొక్కానికి చుట్టి చేస్తారు. ఊదితే ఎగిరిపోయేంత తేలిక. అందుకే ఇక్కడ బరువు దారానిదే. పూత పూసిన ఆ లావుపాటి దారాన్ని కర్ర ఊపుతో గాలిలో వెనక్కు, ముందుకు సాగదీసి నీటి మీద పరవాలి. దాని చివర కంటికి ఆనని సన్నని దారం, ఆ చివర ఈగ.

ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, ఏ రాయి వెనకో నిలబడి, నీరు మోసుకొచ్చే పురుగుల కోసం కాచుకుంటుంది. మన ఈగ కూడా నీటి వేగంతోనే కొట్టుకుపోవాలి. దారం ఒక్క పిసరు లాగినా ఈగ నీటికి అడ్డంగా కదులుతుంది, చేప మళ్లీ అటు చూడదు. ఏ రాయి వెనక నిలబడిందో, ఎక్కడ వేస్తే ఈగ దాని ముక్కు ముందుకు వెళ్తుందో చెప్పగలవాడు ఆ ఏటి ఒడ్డున పెరిగినవాడే. గైడుకు డబ్బు ఇచ్చేది అందుకు.

## వేటిని బట్టి ఎంచుకోవాలి

నీరు. ఇదే మొదటిది, నా లెక్కలో సగం మార్కులు దీనికే. కొండ నది ఏడాదిలో మూడు నాలుగు రూపాలు మారుస్తుంది. మంచు కరిగే నెలల్లో ఉరవడి పెరిగి, నీరు మసకబారుతుంది. వానల్లో బురద. ఈ రెండింటి మధ్య తేటగా, నడుము దాటని లోతుతో ఉండే వారాలు కొన్నే. అవి ఒక్కో నదికి ఒక్కోలా వస్తాయి.

నీటి గురించి ఇంకో ప్రశ్న కూడా ఉంది. అది మనవాళ్లకు చెప్పకుండా ఉండలేను. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు బియాస్ నదిలో ఒక్కసారిగా పెరిగి, దిగువన థలౌత్ దగ్గర రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మందిని, వారి వెంట ఉన్న టూర్ నిర్వాహకుణ్ణి తీసుకుపోయింది. నిమిషం ముందు పాదాలు తడిసేంత నీరే. ఏ నదిలో దిగినా "ఎగువన డ్యామ్ ఉందా? నీరు ఎప్పుడు వదులుతారు?" అన్నది గైడును అడగవలసిన తొలి మాట. దానికి తడుముకునే గైడుతో నదిలోకి దిగకండి.

గైడు. ఒక గైడుకు ఎంతమంది అన్నది ముఖ్యం. కొత్తవారికి ఒక్కరికి ఒకరు ఉంటే మంచిది, ఇద్దరికి ఒకరు ఉంటే నడుస్తుంది. నలుగురికి ఒకడంటే అది విహారయాత్ర, పాఠం కాదు. నేను డబ్బు వదిలించుకున్నది సరిగ్గా అలాంటి చోటే. నలుగురం వెళ్లాం, కర్రలు రెండు, గైడు ఒక్కడు. అతను ఎండలో వెచ్చగా ఉన్న బండ చూసుకుని కూర్చుని ఫోనులో వీడియోలు చూశాడు. మేము వంతులేసుకుని నీళ్లను కొట్టాం.

చేప. ట్రౌటా, మహాశీరా? ఇది రుచికి సంబంధించిన ప్రశ్న కాదు, ఓపికకు సంబంధించినది. ట్రౌట్ చిన్నది, కానీ రోజుకు నాలుగైదు సార్లు ఆశ పుట్టిస్తుంది. మహాశీర్ రోజుల తరబడి ఏమీ ఇవ్వదు.

దారి, తోడు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బయల్దేరితే రానూ పోనూ మూడు రోజులు ప్రయాణానికే పోతాయి. వెంట వచ్చే భార్య, పిల్లలు, అమ్మానాన్నలు మీరు నీళ్లలో నిలబడిన ఎనిమిది గంటలు ఏం చేస్తారన్నది కూడా ముందే ఆలోచించాలి. ఆలోచించకపోతే రెండో రోజు సాయంత్రానికి ఆ ప్రశ్న ఎలాగూ వస్తుంది.

## తీర్థన్: కొత్తవారి బడి

కుల్లూ జిల్లాలో గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు ఎత్తుల నుంచి దిగి, గుషైనీ, బంజార్ మీదుగా పారి, లార్జీ దగ్గర బియాస్‌లో కలిసే చిన్న నది తీర్థన్. ఆ పార్కుకు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. నదికి ఎగువన పెద్ద డ్యామ్ లేదు. జలవిద్యుత్ ప్రాజెక్టులు వద్దని అక్కడి ఊళ్లు పట్టుబట్టి ఆపించుకున్న నది ఇది. నీటి గురించి పైన చెప్పిన భయంలో సగం ఇక్కడ తగ్గుతుంది. సగమే అంటున్నాను, ఎందుకంటే మేఘ విస్ఫోటం వస్తే డ్యామ్ ఉన్నా లేకపోయినా ఒకటే. 2023 జూలైలో బియాస్ పరీవాహక ప్రాంతమంతా అల్లకల్లోలమైంది.

ఇక్కడి బ్రౌన్ ట్రౌట్ ఈ మట్టిది కాదు. ఇంగ్లీషు దొరల పని. 1900లో స్కాట్లండ్ నుంచి గుడ్లను మంచులో పెట్టి కశ్మీర్‌కు తెచ్చారు. అంతకుముందు ఏడాది పంపినవి దారిలోనే పాడైపోయాయి. కశ్మీర్‌లో స్థిరపడ్డ ఆ చేపల సంతతిని 1909లో హోవెల్ అనే అధికారి కుల్లూకు తెప్పించాడు. అలా వచ్చిన చేప ఇప్పుడు ఇక్కడి ఏళ్లలో తనంతట తానే గుడ్లు పెట్టుకుని బతుకుతోంది. అంతకుముందు నుంచీ ఉన్న మంచు నీటి చేప అసేలా దానికి పోటీ ఇవ్వలేక వెనకబడిందన్నది ఈ కథలో చేదు భాగం.

కొత్తవారికి తీర్థన్ ఎందుకు మంచిదంటే నది వెడల్పు తక్కువ. ముప్ఫై అడుగుల దారం సరిగా వేయగలిగితే చాలు, చేప ఉన్న చోటు అందుతుంది. ప్రతి వంపులోనూ ఒక పెద్ద బండ, దాని వెనక ఒక చిన్న మడుగు. చదివి అర్థం చేసుకోవడానికి వీలైన నది. అసలు కష్టం కాళ్ల కింద ఉంటుంది. అడుగున గుండ్రటి రాళ్లు, వాటి మీద సబ్బులాంటి నాచు. మామూలు క్రీడల బూట్లతో దిగితే పది నిమిషాల్లో కూర్చుంటారు. అడుగున దళసరి ఉన్ని అట్ట వేసిన బూట్లు గైడు ఇస్తాడో లేదో ముందే కనుక్కోండి. చేతికర్ర ఒకటి అడిగి తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు, గైడులూ వాడతారు.

హిమాచల్‌లో ట్రౌట్ నీళ్లు మార్చి 1 నుంచి అక్టోబరు 31 వరకే తెరిచి ఉంటాయి. ఆ తర్వాతి చలి నెలలు చేప గుడ్లు పెట్టే కాలం. తెరిచి ఉన్న ఎనిమిది నెలల్లో పనికొచ్చేవి మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ చివరి దాకా, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మొత్తం. వేసవి సెలవులు కదా అని మే నెలాఖరులో వెళ్తే మంచు కరిగిన నీటి హోరు వినడానికే సరిపోతుంది. పిల్లల బడి సెలవులకూ నది సెలవులకూ పొంతన కుదరదు. నాకైతే దసరా తర్వాతి రోజులే ఇష్టం: ఆకాశం తేట, నీళ్లు అద్దం, యాపిల్ కోతలు చివరి దశలో ఉంటాయి. కొన్నేళ్లలో అక్టోబరు చివర్లోనే కార్తీక మాసం మొదలవుతుంది. చేప తినని నియమం ఉన్నవారికి బాధ లేదు, ఎలాగూ పట్టి వదిలేయడమే ఇక్కడి మంచి గైడుల పద్ధతి.

దారి: ఢిల్లీ నుంచి మనాలీ వెళ్లే రాత్రి బస్సు ఎక్కి, ఔట్ సొరంగం దగ్గర దిగాలి. డ్రైవరుకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే తెల్లవారుజామున నిద్రలో కుల్లూ దాటిపోతారు. అక్కడి నుంచి బంజార్ మీదుగా గుషైనీకి టాక్సీ. పర్మిట్ చేపల శాఖ ఇస్తుంది. రోజువారీ రుసుము కొద్దిపాటిదే. రోజుకు ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత పొడవుకు తగ్గినవి వదిలేయాలి అన్నవి పర్మిట్ ఇచ్చేటప్పుడు అడిగి తెలుసుకోండి.

పెద్ద చేపతో ఫొటో కావాలనుకునేవారికి ఇక్కడ నిరాశే. ఎక్కువగా తగిలేవి జానెడు, జానెడున్నర చేపలు.

## కశ్మీర్: పేరున్న నీళ్లు, ఎక్కువ కాగితాలు

భారతదేశంలో ట్రౌట్ కథ మొదలైంది ఇక్కడే కాబట్టి పద్ధతులూ ఇక్కడే గట్టిగా ఉన్నాయి. నదిని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కను "బీట్" అంటారు. మీ పర్మిట్ ఒక బీట్‌కు, ఒక రోజుకు. ఆ రోజు ఆ ముక్కలో గాలం వేసేవాళ్లు కొద్దిమందే. పక్కవాడి దారం మీ మీద పడదు, మీకంటే ముందు పదిమంది ఆ మడుగును కలచి ఉండరు. ఈ సుఖం తీర్థన్‌లో లేదు. దానికి బదులు మంచి బీట్లు ముందే నిండిపోతాయి. శ్రీనగర్ చేరుకున్నాక చూద్దాంలే అనుకుంటే మిగిలినదే దక్కుతుంది. కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా.

అందరూ వెళ్లేది లిద్దర్‌కు. కొలహోయ్ హిమానీనదం నుంచి వచ్చే పాయ, శేష్‌నాగ్ వైపు నుంచి వచ్చే పాయ పహల్గామ్‌లో కలుస్తాయి. చూడటానికి దాన్ని మించిన నది నేను ఎరగను. ఈగ వేయడానికి మాత్రం ఎండాకాలం మధ్యలో అది మొండి నది. హిమానీనదపు నీరు కాబట్టి ఎండ ముదిరేకొద్దీ మధ్యాహ్నానికి పాలు కలిపినట్టు తెల్లబడి, వడి పెరుగుతుంది. ఉదయం పది లోపు పని ముగించుకోవాలి. పైగా జూలై, ఆగస్టుల్లో అమర్‌నాథ్ యాత్ర. మన వైపు నుంచి వెళ్లే యాత్రికులకు ఆ దారి తెలుసు: వాహనాల బారులు, తనిఖీలు, ఆగిపోయే రోడ్లు. యాత్రనూ గాలాన్నీ ఒకే టికెట్టులో కలుపుదామనే ఆలోచన కాగితం మీదే బాగుంటుంది.

నా ఓటు కోకర్‌నాగ్ వైపు ఉన్న బ్రింగీకి. ఊట నీరు ఎక్కువగా కలిసే ఏరు కాబట్టి లిద్దర్ తెల్లబడిన రోజుల్లోనూ తేటగా ఉంటుంది. ఆ తేట వెనక ఒక చిత్రం ఉంది. అక్కడి నేల సున్నపురాయి, లోపలంతా బోలు. 2022 ఫిబ్రవరిలో ఏటి అడుగున ఒక గొయ్యి తెరుచుకుని నీటినంతా మింగేసింది. దిగువన ఏరు ఎండి, ట్రౌట్ చేపలు రాళ్ల మీద చచ్చిపడ్డాయి. తర్వాత నీరు మళ్లీ దారి పట్టింది. నేను నిలబడిన మడుగు కింద ఎన్ని బోలు గదులు ఉన్నాయో అన్న ఊహ రోజంతా వదలలేదు.

తేట నీటితో ఒక చిక్కు ఉంది: మనకు చేప కనబడితే దానికి మనమూ కనబడతాం. మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లాలి, దారం మరింత సన్నగా ఉండాలి, ఈగ నీటి మీద ఆకులా వాలాలి. తీర్థన్‌లో రెండు రోజులు నేర్చుకున్నవారికి బ్రింగీ అద్భుతం. అసలు కర్ర పట్టనివారికి అది పరీక్షహాలు.

భద్రత గురించి దాటవేయను. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గర బైసరన్‌లో పర్యాటకుల మీద దాడి జరిగింది. ఆ తర్వాత లోయలో చాలా పర్యాటక ప్రాంతాలు మూసివేశారు, దశలవారీగా తెరుస్తూ వచ్చారు. బీట్లు ఎక్కువగా ఊళ్లకు దూరంగా, అడవి అంచుల్లో ఉంటాయి. పర్మిట్ ఇచ్చారంటే ఆ రోజు అక్కడికి వెళ్లనిస్తారని అర్థం కాదు. బుక్ చేసేముందు రద్దు నిబంధనలు చదవండి, డబ్బంతా ముందే ఇవ్వకండి. ఇంకో చిన్న మాట, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే మీ ఫోను మూగబోగానే ఇక్కడ కంగారు మొదలవుతుంది.

కుటుంబంతో వెళ్లేవారికి మూడింటిలో ఇదే మేలు. మీరు నదిలో ఉంటే వాళ్లకు శ్రీనగర్ ఉంది, తోటలున్నాయి, దాల్ సరస్సు ఉంది. పోనీ, మీరు లేకపోవడం వాళ్లకు పెద్దగా తెలియదు.

## ఉత్తరాఖండ్: మహాశీర్ అనే మొండి పట్టు

శృంగేరి వెళ్లినవారందరూ మహాశీర్‌ను చూసే ఉంటారు. శారదాంబ గుడి మెట్ల దగ్గర తుంగ నదిలో మరమరాలకు ఎగబడే ఆ పెద్ద పొలుసుల చేపలు మహాశీర్‌లే. అక్కడ చేతి నుంచి తింటుంది. హిమాలయాల్లోని దాని చుట్టం, బంగారు మహాశీర్, అంత మర్యాదస్తురాలు కాదు. అది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి అని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ఉంది. అందువల్ల ఇక్కడ పట్టి వదలడం తప్ప ఇంకో మాట లేదు.

దీనికి రెండు తావులు. ఒకటి రామ్‌నగర్ నుంచి కొండెక్కితే వచ్చే మర్చులా, కార్బెట్ పులుల అడవి అంచున రామ్‌గంగ. అడవి లోపల గాలం వేయడానికి వీల్లేదు, బయటి భాగంలోనే. రెండోది పంచేశ్వర్. లోహాఘాట్ నుంచి దిగితే సరయూ వచ్చి కాళీ నదిలో కలిసే చోటు, అవతలి ఒడ్డు నేపాల్. 1996 నాటి భారత్–నేపాల్ మహాకాళీ ఒప్పందంలో ఉన్న పంచేశ్వర్ డ్యామ్ కడితే ఈ సంగమమే మునిగిపోతుంది. కాళీకి ఎగువన ధౌలీగంగ ప్రాజెక్టు ఇప్పటికే ఉంది కాబట్టి నీటి మట్టం గురించిన ప్రశ్న ఇక్కడ తప్పనిసరి.

ఈ యాత్ర తీరే వేరు. నది పెద్దది, కర్ర బరువైనది. ట్రౌట్‌కు ఐదో నంబరు కర్ర సరిపోతే ఇక్కడ ఎనిమిది నుంచి పది. బొమ్మ ఈగ అనడం కూడా తప్పే, వేలెడు చేపపిల్లలా కట్టిన ఈకల కుచ్చు అది. తడిసిన ఆ కుచ్చును ఎదురుగాలిలో రోజుకు ఆరేడు గంటలు విసిరితే రెండో రోజుకు భుజం మాట వినదు. నా నాలుగు రోజుల్లో ఒక్కసారి, సంగమం కింది నురుగు అంచులో, దారం రాయికి తట్టుకున్నట్టు ఆగింది. తర్వాత ఆ రాయి నడవడం మొదలుపెట్టింది. రీలు కీచుమంటూ తిరిగి, దారం దిగువకు పరుగెత్తి, ఏదో బండ అంచున తెగిపోయింది. పది సెకన్లు కూడా లేదు. గైడు నా వైపు చూడకుండా నది వైపే చూస్తూ బీడీ వెలిగించుకున్నాడు. ఆ పది సెకన్ల కోసం మళ్లీ వెళ్తానా అంటే, వెళ్తాను. మీరు మొదటిసారే అక్కడికి వెళ్లాలా అంటే, వద్దు.

కాలం ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా, మళ్లీ వానలు వెనక్కు తగ్గాక నవంబరు వరకు. వానాకాలంలో చేప ఉపనదుల్లోకి ఎగబాకి గుడ్లు పెడుతుంది, తిరిగి దిగే వేళ సంగమాల దగ్గర ఆగుతుంది. అనుమతులు అటవీ శాఖ చేతిలో ఉంటాయి, అవి మారుతుంటాయి. క్యాంపువాళ్లను ఆ ఏటి అనుమతి కాగితం చూపించమని అడగండి. "అదంతా మేం చూసుకుంటాం" అన్న సమాధానం సమాధానం కాదు. అంతరించే జాతి చేపతో కాగితం లేకుండా దొరికితే ఇబ్బంది మీకే.

## ఒక్క చూపులో

| అంశం | తీర్థన్ | కశ్మీర్ | ఉత్తరాఖండ్ |
|---|---|---|---|
| చేప | బ్రౌన్ ట్రౌట్, చిన్నవి | బ్రౌన్, రెయిన్‌బో ట్రౌట్ | బంగారు మహాశీర్ |
| మంచి వారాలు | మార్చి రెండో సగం–ఏప్రిల్, అక్టోబరు | బ్రింగీ: కాలమంతా, లిద్దర్: సెప్టెంబరు | మార్చి–మే, అక్టోబరు–నవంబరు |
| నీటి స్వభావం | చిన్నది, జారుడు రాళ్లు | లిద్దర్ వడి, బ్రింగీ తేట | పెద్దది, లోతు |
| కొత్తవారికి | బాగా అనుకూలం | లిద్దర్ ఫరవాలేదు, బ్రింగీ కష్టం | వద్దు |
| చేప తగిలే అవకాశం | ఎక్కువ | మధ్యస్థం | చాలా తక్కువ |
| పర్మిట్ | సులువు | బీట్ ముందే పట్టాలి | అనుమతి కాగితం చూడాలి |
| వెంట వచ్చేవారికి | నడక, పల్లెలు | చాలా ఉంది | పంచేశ్వర్‌లో దాదాపు ఏమీ లేదు |
| కనీస రోజులు, ప్రయాణం కాక | 2 | 3 | 4 |

## ఎవరికి ఏది

ఒంటరిగా, నేర్చుకోవాలన్న పట్టుదలతో వెళ్లేవారు తీర్థన్‌లో అక్టోబరు రెండో వారం పట్టుకోండి. రెండు పూర్తి రోజులు, ఒక్కరికి ఒక గైడు. మొదటి రోజు ఉదయం నీళ్లలోకి దిగకుండా గడ్డి మైదానంలో కర్ర ఊపడం నేర్పమని అడగండి. గైడులకు ఇది పెద్దగా నచ్చదు, మీరు త్వరగా చేప పట్టి సంతోషపడాలని వాళ్ల ఆరాటం. అయినా పట్టుబట్టండి.

పదేళ్లు దాటిన పిల్లలతో వెళ్లేవారికీ తీర్థనే, కానీ ఏప్రిల్‌లో. పరీక్షలు అయిపోయి, నీరు ఇంకా పొంగని ఆ రెండు మూడు వారాలు. పిల్లలకు పూట చాలు, రోజు వద్దు. కొక్కెం చెవికో కంటికో తగలకుండా టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఏ నదిలోనూ దిగకపోవడమే మంచిది. గైడు ఒడ్డు నుంచి వేయగలిగే మడుగు చూపిస్తాడు, అడగండి.

పెళ్లయిన కొత్తలో జంటగా వెళ్తూ, ఒకరికే ఈ పిచ్చి ఉంటే కశ్మీర్, సెప్టెంబరు. ఒక రోజు మాత్రమే గాలానికి పెట్టుకోండి. రెండు రోజులంటే సంసారంలో ఫ్లై ఫిషింగ్ మీద శాశ్వత నిషేధం రావచ్చు.

ఇదివరకే ట్రౌట్ పట్టి, చిన్న చేపలతో తృప్తి తీరనివారికి పంచేశ్వర్. ఖాళీ చేతులతో రావడానికి మనసు సిద్ధం చేసుకున్నాకే డబ్బు కట్టండి.

అమెరికాలో ఉండే మనవాళ్లు చాలామంది ఇండియా వచ్చినప్పుడు వెళ్దామనుకుంటారు. నేనైతే వాళ్లను అక్కడే నేర్చుకోమంటాను. మోంటానాలో బోజ్‌మన్ చుట్టుపక్కల మాడిసన్, యెల్లోస్టోన్ నదులున్నాయి. గైడు ఒక్కడు తెడ్డు వేస్తాడు, పడవ ముందూ వెనకా ఇద్దరు నిలబడి ఈగ వేస్తారు. జారుడు రాళ్ల గొడవ లేదు. పూర్తి రోజుకు ఇద్దరికి కలిపి ఆరు వందల డాలర్లకు పైనే అవుతుంది, మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం ఆనవాయితీ. లైసెన్సు వేరు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం, కానీ నీరు 73 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం మొదలైతే చేపలకు ఊపిరాడదని మధ్యాహ్నం రెండు నుంచి గాలం వేయడం ఆపేస్తారు. ఖర్చు ఎక్కువే, అయితే నేర్పడంలో ఆ గైడుల ఓపిక వేరు. అక్కడ చెయ్యి తిరిగాక తీర్థన్‌కు వస్తే ఇక్కడి రెండు రోజులూ నదికే దక్కుతాయి.

## డబ్బు కట్టేముందు ఫోనులో అడగవలసినవి

ఒక గైడుకు ఎంతమంది? అతను మాతో నీళ్లలో నిలబడతాడా, ఒడ్డున ఉంటాడా? కర్ర, బూట్లు, నీళ్లు చొరబడని ప్యాంటు మీరు ఇస్తారా, నా పాదం కొలతవి ఉన్నాయా? ఈ చివరి ప్రశ్న నవ్వులాటగా అనిపిస్తుంది కానీ, ఒక నంబరు పెద్ద బూటుతో ప్రవాహంలో నడిచి చూస్తే తెలుస్తుంది. విరిగిన కర్రకు డబ్బు ఎవరు కట్టాలి? పర్మిట్ ఎవరి పేరు మీద? వాన పడి నీరు బురదైతే ఏం చేస్తారు, తేదీ మారుస్తారా, పక్క ఏటికి తీసుకెళ్తారా?

చేప వదిలే పద్ధతి గురించి కూడా అడగండి. కొన దగ్గరి ఎదురుముల్లు నొక్కేసిన కొక్కాలు వాడతారా అంటే అవునని చెప్పేవాడు పని తెలిసినవాడు. అలాంటి కొక్కెం చేప మూతి నుంచే కాదు, గైడు భుజం నుంచి కూడా తేలిగ్గా ఊడుతుంది. చేపను ముట్టుకునేముందు చేతులు తడుపుకోవాలి, పొడి చేతికి దాని ఒంటి జిగురు అంటుకుని ఊడి, తర్వాత చర్మం పుండవుతుంది. నీటిలోనే ఉంచి కొక్కెం తీసి, అది తనంతట తాను ఈదుకుంటూ వెళ్లేదాకా ప్రవాహానికి ఎదురుగా పట్టుకోవాలి. ఫొటో కోసం పైకెత్తితే మీరు ఊపిరి బిగబట్టగలిగినంత సేపే.

చివరగా, బయల్దేరే రోజు ఉదయం ఆ నది ఫొటో ఒకటి పంపమని గైడును అడగండి. మోకాలి లోతులో అతని బూటు కనబడాలి. బూటు కనబడితే రైలెక్కండి, కనబడకపోతే తేదీ మార్చుకోండి.